బొజ్జ ఇటు, బకెట్టు అటు

పోయిన ఎండాకాలం నుంచి ఝూలా మీద మేం ముగ్గురం కూర్చుంటున్నాం: నేను, పనిలో నా జోడీ, నిండు ప్రైమర్ బకెట్టు ఒకటి. బకెట్టు జోడీ వైపు ఉంటుంది. నా వైపు నేనొక్కణ్ణే చాలు.

ఝూలా అంటే మేడ మీది నుంచి తాళ్లతో వేలాడదీసే చెక్క పలక. దాని మీద కూర్చునే బయటి గోడలకు రంగులు వేస్తాం. మాది పాతకాలపుది, రెండు కొసల తాళ్లూ పైన ఒకే కొక్కేనికి తగిలించి ఉంటాయి. ఒకవైపు బరువెక్కువైతే అటే వాలుతుంది. నేను ఏడో తరగతిలో బడి మానేశాను కాబట్టి లెక్కలు రావు. ఆ పలకకు మాత్రం బాగా వచ్చు.

జోడీ నాకంటే చిన్నవాడు, అగరుబత్తిలాంటి మనిషి. పద్దెనిమిదేళ్లుగా నా పక్కనే పని.

"అన్నా, నువ్వన్న తగ్గు, లేకుంటే నేనన్న పెరుగుత. నడుమల ఈ బకెట్ ఎందుకు మనకు?" అనేవాడు.

నేను నవ్వేవాణ్ణి. మాకు పని ఇచ్చే మేస్త్రీ నవ్వలేదు. ఒకరోజు కింద నిలబడి వాలిన పలకను చూసి, "వానలు వోయినంక పెద్ద పనున్నది. గప్పటికల్ల నువ్వు తగ్గకపోతే కింద గోడలు రుద్దుకుంట కూసో. పైకి ఇంకొకన్ని ఎక్కిస్త," అన్నాడు. గోడలు రుద్దడమంటే రోజంతా గోడకు పట్టించిన లప్పం దుమ్ము మింగడం. కొత్తగా చేరినవాళ్లకు ఇచ్చే పని. ఆ మాటతో నా నవ్వు తగ్గింది, బరువు తగ్గలేదు.

ఇక డైట్ల వేట మొదలైంది. బావమరిది ఫోన్‌లో చూసి చెప్పాడు: అన్నం, రొట్టె బంద్, మాంసం, గుడ్లు, వెన్న తినాలి. వినడానికి పెళ్లి భోజనంలా ఉంది. నాలుగో రోజు నిచ్చెన మీద తల తిరిగి, అప్పుడే రంగు వేసిన గోడను కావలించుకున్నాను. ఆ సాయంత్రమే మళ్లీ అన్నం తిన్నాను.

తర్వాత బస్టాండు పక్క గదిలో, బరువు తగ్గిస్తామనేవాళ్ల దగ్గర పొడి కలిపిన పాలు. అక్కడ ఎవరు తగ్గినా అందరూ చప్పట్లు కొట్టాలి. పది రోజులు నేను కొట్టాను. చేతులు సన్నబడ్డాయేమో గానీ పొట్ట అలాగే ఉంది. తర్వాత రాత్రి తిండి మానేశాను. తెల్లారగానే ఇడ్లీ బండి దగ్గర ఆ బాకీ తీరేది. చివరికి అల్లం నీళ్లు. మా వైపు అల్లం పొలాలకు కొదవ లేదు, పండించేవాళ్లంతా సన్నగా ఉంటారు. వాళ్లు సన్నగా ఉన్నది తాగినందుకు కాదు, తవ్వినందుకని గుండెల్లో మంట పుట్టాక తెలిసింది.

"దినానికో తీరు వండనీకి నేనేమన్న హోటల్ వెట్టిన్నా?" అంది మా ఆవిడ.

గుండెల్లో మంటకు తోడు మోకాళ్లు కూడా పట్టేయడంతో జోడీ తన బండి మీద దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరమ్మ రోజూ ఏం తింటానో చెప్పమంది. ఏదీ దాచకుండా చెప్పాను: పొద్దున నాలుగు జొన్న రొట్టెలు, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం.

వెనక నుంచి జోడీ అందుకున్నాడు. "మేడం, బెల్లం చెప్తలేడు."

"బెల్లమా?"

"అది తిండి కాదు మేడం, దవా," అన్నాను.

నిజంగానే అలా అనుకున్నాను. గోడలు గీకితే గొంతులో దుమ్ము పడుతుంది, బెల్లం ముక్క నమిలితే అది దిగిపోతుందని మా పనివాళ్లందరి నమ్మకం. నాకు పని నేర్పినాయన మొదటిరోజు చేతిలో పెట్టింది బ్రష్షు కాదు, బెల్లం ముక్క. చెరుకు పండే చోట బెల్లానికి కరువేముంది? జేబులో ఎప్పుడూ పొట్లం ఉండేది. గోడ గీకితే ఒక ముక్క, డబ్బా మూత తీస్తే ఒక ముక్క, ఖాళీగా ఉంటే దుమ్ము వస్తుందేమోనని ఇంకో ముక్క. అన్ని డైట్లూ ఆ పొట్లం జేబులో ఉండగానే చేశాను.

"వారానికి ఎంత?" అంది డాక్టరమ్మ.

"కిలో ఉంటది."

ఆమె కలం కింద పెట్టింది. జోడీ ఇంకా ఆగలేదు. "నా చాయ్ గూడ ఈయ్ననే తాగుతడు మేడం." అదీ నిజమే. మేం రంగులు వేసే ఇంటివాళ్లు రెండు గ్లాసులు పైకి పంపుతారు. వాడికి చాయ్ పడదు. నిండు గ్లాసు తిప్పి పంపితే ఆ ఇంటామె నొచ్చుకుంటుందని రెండూ నేనే తాగేవాణ్ణి.

"దుమ్ము పోకుండా ముక్కుకు గుడ్డ కట్టుకోండి," అంది ఆమె. "మీ ఇంటి తిండే తినండి. రొట్టెలు నాలుగు కాదు, రెండు. అన్నం తగ్గించి కూర పెంచండి. వచ్చే ఏడాది కూడా ఇట్లనే తినగలనా అని మిమ్మల్ని మీరే అడగండి. తినలేననిపిస్తే అది మీ డైట్ కాదు."

దీనికి పేరు కూడా లేదు, నలుగురికి చెప్పుకోవడానికి. బెల్లం మానేశాక వారం రోజులు తలనొప్పి, చిరాకు. చెయ్యి జేబులోకి పోయి కొలత టేపు పట్టుకుని వచ్చేది. ప్రతి కొత్త ఇంట్లో, "ఒక్కటే గ్లాసు పంపుండ్రమ్మా, శక్కర్ లేకుంట," అని చెప్పాలి. "అయ్యో, షుగరొచ్చిందా?" అని వాళ్లు అడగాలి. కాదని నేను చెప్పాలి. బెల్లం మానడం కంటే ఆ జవాబు చెప్పడమే ఎక్కువ అలసట.

వానలు పోయాయి. పెద్ద రోడ్డు పక్కన మూడంతస్తుల మేడ, మేస్త్రీ చెప్పిన పెద్ద పని. పలక మీద కూర్చున్నాం. జోడీ బకెట్టులోని ప్రైమర్ కొద్దికొద్దిగా వేరే డబ్బాలోకి ఒంపాడు. సగం దగ్గర పలక సమంగా నిలిచింది.

"ఇంక బకెట్ ఉన్నది గద?" అన్నాడు మేస్త్రీ.

"సగమే ఉన్నది. తక్కిన సగం అన్న కరగవెట్టిండు," అన్నాడు జోడీ.

మేస్త్రీ పలక వాలిందేమో చూశాడు. "కానియ్యుండ్రి," అని వెళ్లిపోయాడు.

పని నడుస్తున్నకొద్దీ బకెట్టు ఖాళీ అయ్యింది, పలక మెల్లగా నా వైపు వాలింది. జోడీ అంచుకు జరిగాడు. నేను పలక మధ్యకు జరిగాను. అక్కడి నుంచి నా వైపు గోడ చివర జానెడు మేర చెయ్యి అందలేదు. ఆ జానెడు కోసం ఇంకొన్నాళ్లు రెండే రొట్టెలు.