నా ఒంటిపూట భోజనం

మా ఊరు అయిజలో నా అంత నిష్ఠగా ఉపవాసం చేసినవాడు లేడు. బరువు తగ్గాలని రోజూ పొద్దు వాలేదాకా మంచినీళ్లతోనే ఉండి, ఏడాదిలో పది కిలోలు తగ్గాను.

మొన్న ఎండాకాలం ఇంటికొచ్చేసరికి నా భార్య పొయ్యి దగ్గర స్పృహ తప్పి పడి ఉంది.

"షుగరున్న మనిషిని గిట్ల ఎండబెడ్తరా పెద్దాయనా? జర ఆలస్యమైతే పాణం పోతుండె!" అంది దవాఖానలో డాక్టరమ్మ.

పెనిమిటి తిననిదే ముద్ద ముట్టని మనిషి ఆమె. నేను పస్తుంటే తానూ ఉంటుందని నాకు తట్టనే లేదు. పైగా నేను రోజూ పొద్దు వాలకముందే బస్టాండులో బజ్జీలు తినే ఇల్లు చేరేవాణ్ని.

మంచం పక్కన ఆమె చెయ్యి పట్టుకుంటే గాజులు మోచేతిదాకా జారాయి. బజ్జీల సంగతి చెప్పేశాను.

"పది కాదే, రెండు కిలోలే తగ్గిన" అన్నాను.

ఆమె మొహం తిప్పుకుంది.

"నువ్వు యాడ తగ్గినవ్? తగ్గింది నేను."