తిల్కా కిటికీ ముందు హేజెల్ పొద

మీకు సిగ్గుండాలి, పిల్లలూ. చర్చిలో పీఠం మీద పరిచిన లేసుగుడ్డకి ప్రతి ఆదివారం దండం పెడతారు. అది ఎవరు అల్లారని మీలో ఒక్కరైనా అడిగారా? గేటుకి పలక కొట్టించుకున్న వింకో గురించి అడుగుతారు, ఎదుటి కొండ మీది లోమ్ ఊరివాళ్లని మన కొమ్మల కట్ట బుటారతో ఎలా ఓడించామని అడుగుతారు. వింకో పెళ్లాం తిల్కా గురించి అడగరు. అడక్కపోయినా చెప్తాను, వినండి. ఆ కండెలు ఇటు తిప్పకండి, చిక్కుపడతాయి.

తిల్కా మన గ్రివా ఊళ్లోనే పుట్టింది. తండ్రి పాదరసం గనిలో పనిచేసి దగ్గుతూ పోయాడు. తల్లి దానికి మాటలు సరిగ్గా రాకముందే లేసు అల్లే దిండు ముందు కూచోబెట్టి చేతికి కండెలు ఇచ్చింది. బళ్లో అక్షరాలు దిద్దడం ఎంత వచ్చిందో గాని, గుండుసూదుల మధ్య దారం తిప్పడం మాత్రం బాగా వచ్చింది. ఆ అల్లికలో దారం పాములా మెలికలు తిరుగుతూ పోవాలి, ఒక మెలిక తప్పితే అంతా విప్పాలి. తిల్కా విప్పడం ఎవరూ చూడలేదు.

వింకో పోస్ట్‌మన్. సంచీ భుజాన వేసుకుని కొండ మీది ఇళ్లన్నీ తిరిగేవాడు. తిరిగి తిరిగి, ఎవరి పెరడు ఎంత అసహ్యంగా ఉందో వాడికి కంఠతా వచ్చింది. పింఛను పుచ్చుకున్న మర్నాడే ఊరి సుందరీకరణ సంఘానికి ప్రెసిడెంటు అయ్యాడు. అంతకుముందు ఆ సంఘం లేదు. వాడు ప్రెసిడెంటు అవడం కోసమే పెట్టారు.

ఇక చూడండి ఆ ఇంటి అందం. గోడకి ఆనించి కట్టెలు పేర్చాడు, ఒక్క చివర కూడా ముందుకీ వెనక్కీ ఉండకూడదు. ఆ కట్టెలు పొయ్యిలో పెట్టడానికి కాదు, దారిన పోయేవాళ్లు చూడ్డానికి. తిల్కా పొయ్యిలోకి వేరే కట్టెలు షెడ్డు వెనకనుంచి మోసుకొచ్చుకునేది. ముందుగదిలో సోఫాకి ప్లాస్టిక్ కప్పు వేశాడు. ఏటా జూన్ నెలలో అందమైన ఇళ్లకి పలకలిచ్చే కమిటీ పట్నం నుంచి వచ్చి కూచునేదాకా అందులో ఎవరూ కూచోకూడదు. బాల్కనీ నిండా జెరేనియం కుండీలు. వాటికి ముద్దుపేర్లు కూడా ఉన్నాయని ఊరు చెప్పుకునేది. అది అబద్ధమే, కాని వింకోని చూస్తే నమ్మాలనిపించేది.

అన్నిటికీ మించి ఆ హేజెల్ పొద. నిటారుగా పెరిగే మన అడవి హేజెల్ కాదు. కొమ్మలన్నీ మరమేకుల్లా మెలికలు తిరిగి, ఆకులు కూడా ముడతలు పడి ఉండే అంటుమొక్క. సరిహద్దు దాటి ఇటలీ నర్సరీలో కొని, పసిబిడ్డని తెచ్చినట్టు ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చాడు. రోడ్డు మీదకి బాగా కనబడే చోటు వెతికి నాటాడు. ఆ చోటు సరిగ్గా తిల్కా వంటింటి కిటికీ ముందు.

తిల్కా దిండు ఉండేది ఆ కిటికీ దగ్గరే. ఇంట్లో పగటి వెలుతురు సరిగ్గా పడే చోటు అదొక్కటే. ముందుగది కమిటీది. వెనకగది కిటికీ కొండకి ఆనుకుని ఉంది, అక్కడ మధ్యాహ్నం కూడా సంజె చీకటే.

మొదట్లో పొద చిన్నది, చూడ్డానికి ముచ్చటగానే ఉండేది. తర్వాత కింద, అంటు కట్టిన చోటుకి దిగువన, నిటారుగా పిలకలు రావడం మొదలుపెట్టాయి. అవి మొదట్లోనే పీకేయాలి. లేకపోతే మామూలు హేజెల్ లేచి మెలికలదాన్ని తొక్కేస్తుంది. నర్సరీవాడు ఆ మాట చెప్పే ఉంటాడు, కాని వింకోకి ఇటాలియన్ రాదు. కత్తి తగలనివ్వకూడదని మాత్రం అర్థమైందట. అలా ఏళ్లు గడిచాయి. పొద కిటికీ దాటి, చూరు దాటి, పైకప్పు మీద చెయ్యి వేసింది. కమిటీ జూన్‌లో వచ్చేది. అప్పటికి పొద నిండా ఆకులు. వాళ్లు బిస్కెట్లు నములుతూ, ఆహా ఏం మెలికలు అని ఆకుల్ని మెచ్చుకుని పలక ఇచ్చి వెళ్లేవాళ్లు. ఆకులు రాలే వేళకి వింకో పొదకి చలి తగులుతుందని దాని నిండా గోనెపట్టాలు చుట్టి తాడు కట్టేవాడు. ఇక్కడి అడవిలో హేజెల్ మంచులో నగ్నంగా నిలబడి పూస్తుంది. వింకో హేజెల్‌కి మాత్రం జలుబు చేస్తుందట.

లోపల తిల్కాకి వేసవిలో ఆకుచీకటి, చలికాలంలో గోనెచీకటి.

ఆ ఏడు ఫాదరు గారు పీఠం గుడ్డకి కొత్త లేసు అంచు అల్లమని తిల్కాకి అప్పగించారు. ఎంతో మంది అడిగిన పని. దీపం పెట్టుకుని మొదలుపెట్టింది. ఈస్టర్ ముందరి శ్రమదినాలు మొదలయ్యే వేళకి చూసుకుంటే మూడు చోట్ల మెలిక తప్పింది. జీవితంలో మొదటిసారి విప్పింది. మళ్లీ అల్లితే మళ్లీ తప్పింది. ఫాదరు గారు మంచివాడు. మంచివాడు కాబట్టే మెల్లగా అన్నారు, కళ్లు అలిసిపోయి ఉంటాయమ్మా, ఈస్టర్ తర్వాత వేరే చిన్నవాళ్లకి అప్పగిద్దామా అని. తిల్కా ఇంటికొచ్చి దిండు మీద గుడ్డ కప్పి, బంగాళాదుంప కుడుములు చేసింది. ఉప్పు వేయడం మర్చిపోయింది. వింకో అది గమనించాడు. ఎందుకో అడగలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర తిల్కా అడిగింది.

"ఏవయ్యా, ఆ పొదని కాస్త కొట్టిస్తావా? నాకు చెయ్యి కనబడ్డం లేదు."

"అది నీ కిటికీ కోసం నాటింది కాదే. ఊరికోసం నాటింది."

"అయితే ఊరినే వచ్చి లేసు అల్లమను."

వింకో చెంచా పక్కన పెట్టి వివరంగా చెప్పాడు. అలంకార పొదల్ని ఎవరూ తాకకూడదని సంఘం తీర్మానం చేసింది, దాని మీద తనే సంతకం పెట్టాడు, ప్రెసిడెంటే తప్పితే ఇంక ఊళ్లో క్రమశిక్షణ ఏముంటుంది అని. సంఘాన్ని అడగమంది తిల్కా. ప్రెసిడెంటుని అడిగి చూస్తానన్నాడు. అడిగాడో లేదో మరి, ప్రెసిడెంటు ఒప్పుకోలేదు.

ఇప్పుడు బుటార సంగతి. ఈస్టర్‌కి వారం ముందు మట్టల ఆదివారానికి ప్రతి ఇంట్లో చిన్న కట్ట కడతారు, మీకు తెలుసు. హేజెల్ కర్రలు, జూనిపర్, ఐవీ, విల్లో మొగ్గలు, రంగుల చెక్కతురుము కలిపి. మరియమ్మ తుఫానులో హేజెల్ కింద నిలబడిందని, అందుకే దాని మీద పిడుగు పడదని నమ్మకం. దీవించిన పుల్ల ఉరుముల వేళ పొయ్యిలో వేస్తాం. ఇళ్లలో కట్టేవి కాక ఊరంతటికీ ఒక పెద్ద బుటార కడతారు. దాన్ని బయటివాళ్లు భక్తి అనుకుంటారు. అది లోమ్ వాళ్ల మీద పగ. కిందటి ఏడు లోమ్ వాళ్ల బుటార చర్చి గుమ్మంకన్నా ఎత్తు. మనది వాళ్లదాని చంక దాకానే వచ్చింది. గ్రివాలో ఏడాదంతా ఎవరూ ఆ మాట ఎత్తలేదు, అందరూ దాని గురించే ఆలోచించారు.

బుటార కట్టేవాళ్లకి పెద్ద, వడ్రంగి సిరిల్. మట్టల ఆదివారానికి వారం ముందు సంఘం పెద్దల్ని వెంటేసుకుని వింకో ఇంటికి వచ్చాడు. ముందుగది కమిటీది కాబట్టి వంటింట్లోనే కూచున్నారు. మిట్టమధ్యాహ్నం దీపం వెలుగుతోంది. తిల్కా కాఫీ పోసింది.

సిరిల్ మొహం వేలాడేసుకుని ఉన్నాడు. ఈసారి బుటార ఎత్తుగా నిలబడాలంటే పొడుగాటి, నిటారు హేజెల్ కర్రలు కావాలి. ఊళ్లో ఒక్కటి లేదు. ఎందుకు లేదంటే, రోడ్డు పక్కన పుట్టిపెరిగిన హేజెల్ కంచెలన్నీ అసహ్యంగా ఉన్నాయని రెండేళ్ల కిందట సుందరీకరణ సంఘం వేళ్లతో సహా పీకించి, వాటి చోట తెల్ల సున్నం వేసిన రాళ్లు పెట్టించింది. రాళ్లతో బుటార కట్టలేం కదా అన్నాడు సిరిల్, ప్రెసిడెంటు వైపు చూడకుండా. అడవి అంచున మిగిలింది లోమ్ వాళ్ల పొలిమేరలో ఉంది. లోమ్ వాళ్లని కర్రలు అడగాలి.

ఆ మాటకి అందరూ కాఫీ కప్పులు కింద పెట్టారు. వింకో మొహం సున్నం రాయిలా అయిపోయింది.

తిల్కా చేతులు తుడుచుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. గడియ తీసి రెక్క లోపలికి లాగింది. బయట గోనెపట్టా కట్టు విప్పుకుని చెయ్యి లోపల పెట్టి తడిమింది. ఒక కొమ్మ పట్టుకుని లాగింది. అది వంటింట్లోకి వస్తూనే ఉంది, వస్తూనే ఉంది. సిరిల్ భుజం మీదుగా వెళ్లి, దీపం పక్కన ఆగింది. చేపల గాలం కర్రలా నిటారుగా ఉంది, ఒక్క మెలిక లేదు.

ఊరంతా ఏళ్ల తరబడి మెలికల పొద అని చూపించిన పొద అది.

తిల్కా మొగుడి వైపే చూస్తోంది. వాడు ఇప్పుడు కాదంటే బుటారకి ఊళ్లో కర్ర లేనట్టే. బుటారకి కొమ్మ అడిగితే లేదన్న ఇంటి మీద పిడుగు పడుతుందని పిల్లలకి కూడా తెలుసు. అవునంటే ఆ గేటు మీది పలకలన్నీ అబద్ధమని ఒప్పుకున్నట్టు. గోనెపట్టాలు ఎందుకు చుట్టేవాడో ఆ క్షణంలో తిల్కాకి తెలిసింది. పొదకి మెలికలు పోయాయని వాడికి ముందే తెలుసు. పాపం, ఏళ్లుగా ఒక్కడే ఆ రహస్యాన్ని తాళ్లతో కట్టుకుంటూ వచ్చాడు.

వింకో గొంతు సవరించుకున్నాడు.

"ఇవి నేను కావాలనే పెంచాను. ఊరి బుటార కోసమే. ముందే చెప్తే లోమ్ వాళ్ల చెవిన పడుతుందని చెప్పలేదు."

సిరిల్ ఆ కొమ్మనోసారి, వింకోనోసారి చూశాడు.

"అందుకే నువ్వు ప్రెసిడెంటువి," అన్నాడు.

అందరూ నమ్మినట్టు తలలు ఊపారు. గ్రివాలో మనుషులు అవసరమైతే ఎంతైనా నమ్ముతారు.

మర్నాడు పొద్దున్నే రంపాలు పట్టుకుని వచ్చారు. వింకో గోనెపట్టాలు విప్పాడు. నడుము ఎత్తున కోస్తే చాలు, పొదా దక్కుతుంది, కర్రలూ దక్కుతాయి అన్నాడు. సిరిల్ కూడా సరే అనబోయాడు. తిల్కా గుమ్మంలో నిలబడి ఒక్క మాట అంది.

"ఎంత కింద కోస్తే అంత పొడుగు వస్తుంది. లోమ్ వాళ్లు కిందటేడు మొదలంటా కోశారట."

అంతే. రంపాలు నేలకి దిగాయి. లావు మొద్దుల్ని మట్టికి జానెడు పైన కోశారు, సన్నవాటిని నేలమట్టంగా. పైకప్పు మీద వేసిన చెయ్యి కింద పడింది, చూరు బయటపడింది, చివరికి కిటికీ బయటపడింది. గాజు నిండా ఏళ్ల నాటి ఆకుపచ్చ పాచి. తిల్కా లోపలికి వెళ్లి దాన్ని వెనిగర్ నీళ్లతో కడిగింది. మధ్యాహ్నం ఎండ ఏళ్ల తర్వాత మొదటిసారి పొయ్యి దాటి గోడ గడియారం దాకా వెళ్లింది.

పొద మధ్యలో బొటనవేలంత లావున ముసలి మెలికల కొమ్మ ఒకటి మిగిలింది. బెరడు సగం ఎండిపోయింది. ఒక పక్క చిన్న రెమ్మ మాత్రం బతికుంది, చివర మొగ్గ. వింకో టోపీ తీసి దాని ముందు గొంతుక్కూచున్నాడు. చాలాసేపు లేవలేదు. తిల్కా కాఫీ తెచ్చి ఇచ్చి, దాని వైపు చూసి అంది.

"దానికీ వెలుతురు లేకపోయింది కదా."

వింకో కాఫీ తాగాడు. ఆ సాయంత్రం దిండు మీద కప్పిన గుడ్డ వాడే తీశాడు.

మట్టల ఆదివారం నాడు మన బుటార ఎంత ఎత్తంటే చర్చిలోకి పట్టలేదు. వానలో బయట నిలబెట్టి ఫాదరు గారు గొడుగు కింద నుంచి దీవించారు. లోమ్ వాళ్లు వచ్చి చూసి, అంత ఎత్తు భక్తి కాదని, పొగరని అన్నారు. ఓడినవాళ్లు అనే మాటే.

జూన్‌లో కమిటీ వచ్చింది. పొద చోట పొట్టి మోళ్లు, వాటి చుట్టూ కొత్త చిగుళ్లు, మధ్యలో జానెడు మెలికల రెమ్మ, ముడతల ఆకులు. వింకో నిటారుగా నిలబడి, ఇది పునరుద్ధరణ అన్నాడు. కమిటీకి ఆ మాట చాలా నచ్చింది. ధైర్యంగా కత్తిరించినందుకు ఇంకో పలక ఇచ్చారు. దాంతో మరుసటి శ్రమదినాల్లో సగం ఊరు పునరుద్ధరణకి దిగింది. లైలాక్ పొదలు కొట్టారు, తిరిగి చిగిర్చాయి. సైప్రస్ కంచెలు కూడా కొట్టారు. సైప్రస్ మొదలంటా కొడితే మళ్లీ రాదు. ఆ ఇళ్లవాళ్లు ఎండిన మోళ్ల మీద జెరేనియం కుండీలు పెట్టుకుని, అదీ అందమే అన్నారు. వింకో ఔనన్నాడు.

తిల్కా ఫాదరు గారిని గడువు అడిగి, పీఠం గుడ్డ అంచు విప్పి మళ్లీ మొదలుపెట్టింది. ఆ కిటికీ దగ్గర, పగటి వెలుతుర్లో, మరుసటి ఈస్టర్‌కి పూర్తి చేసింది. ఒక్క మెలిక తప్పలేదు. మీరు దండం పెడుతున్నది దానికే.

తర్వాత ప్రతి వసంతంలో వింకో మోకాళ్ల మీద కూచుని నిటారు పిలకలు మట్టిలోంచి పీకేవాడు. తిల్కా లోపల కండెలు తిప్పుతూ, తల ఎత్తకుండా, "కుడిపక్క ఇంకోటుంది" అనేది. ఉండేది కూడా. మెలికల రెమ్మ మెల్లగా పొదయింది, కిటికీ గట్టు దాకా వచ్చి అక్కడ ఆగింది. ఆగింది అంటే, తిల్కా కత్తెరే దాన్ని ఆపింది. వింకో పోయాక పిలకలు కూడా తనే పీకుకుంది. చివరి రోజున దిండు మీద అల్లిక సగంలో ఉంది, సూదులన్నీ వాటి చోట్లలోనే ఉన్నాయి.

పోయేనాటికి తిల్కాకి ఎనభై ఏడేళ్లు.