స్వీడన్ సంగీతకారుడి ఒగ్గుకథ

2019 నవంబరులో నేను జగిత్యాలలో జిల్లా ప్రచార అధికారిగా ఉంటూ సిరిసిల్ల బాధ్యత కూడా అదనంగా చూస్తున్నాను. మా ఆఫీసు భాషలో దాన్ని ఎఫ్.ఏ.సీ. అంటారు. రెండు కుర్చీలు, ఒకే జీపు అని దాని అర్థం. ప్రచార అధికారి పని ప్రభుత్వ కార్యక్రమాల సంగతి పత్రికలకు, ప్రజలకు చేరవేయడం. పెద్దవాళ్లు వచ్చినప్పుడు సభ ఏర్పాట్లు, ప్రెస్ నోట్లు, సాంస్కృతిక కార్యక్రమాలు కూడా మా మీదే పడతాయి. ఇందుకోసం మా కింద ఒక కళాకారుల బృందం ఉండేది. ఊరూరా తిరిగి టీకాల గురించి, మొక్కల గురించి, దోమల గురించి కథలు, పాటలు చెప్పడం వాళ్ల ఉద్యోగం.

ఆ నెలలో సిరిసిల్ల నేత పార్కు చూడటానికి స్వీడన్ నుంచి బట్టలు కొనే కంపెనీ వాళ్లు వస్తున్నారని కబురు వచ్చింది. వాళ్లకు పెద్ద ఇంగ్రిడ్ అనే ఆమె, అరవై దాటిన మనిషి. కలెక్టర్ మేడం ఆమె గురించి ఇంటర్నెట్‌లో వెతికారు. ఆమె తండ్రి ఎస్కిల్ ఆ దేశంలో పేరున్న సంగీత రచయిత అని, పోయి చాలా ఏళ్లయిందని తెలిసింది. నన్ను పిలిచి, ఎప్పుడూ చేసే స్వాగత నృత్యం వద్దు, ఆమె తండ్రి జీవితాన్ని మన ఒగ్గుకథలో చెప్పించండి అన్నారు. సరే మేడం అన్నాను. ఉద్యోగంలో ఆ మాట ముందు వస్తుంది, ఆలోచన తర్వాత వస్తుంది.

ఒగ్గుకథ మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు చెప్పే పద్ధతి. ముందు ఒకరు కథ నడుపుతారు, పక్కన ఇంకొకరు మాట అందిస్తారు, వెనక డోళ్లు, తాళాలు ఉంటాయి. నాయకుడు పుట్టాలి, కష్టపడాలి, శత్రువును గెలవాలి, పెండ్లి చేసుకోవాలి. మా బృందంలో కథ నడిపేవాడు కోరుట్ల రాజేశం. గొంతు మంచిది, నోరు ఇంకా మంచిది. ఆ నోటి వల్లనే అప్పుడు చిక్కులో ఉన్నాడు. ఆ వానాకాలంలో ఒక ఊళ్లో మొక్కల కథ చెబుతూ, నాటిన మొక్కకు నీళ్లు పోయడానికి రాని ఒక మండల అధికారిని కథలోకి తెచ్చాడు. జనం నవ్వారు, ఆ అధికారి ఫిర్యాదు రాశాడు, రాజేశానికి రాతపూర్వక హెచ్చరిక వచ్చింది. బృందం కాంట్రాక్టు ఆ డిసెంబరుతో అయిపోతుంది. పొడిగించే ఫైలు కలెక్టర్ గారి టేబుల్ మీద ఆగి ఉంది. స్వీడన్ వాళ్ల కార్యక్రమం చూశాక నిర్ణయిస్తానని ఆమె నాతో స్పష్టంగా చెప్పారు. షరతు కూడా పెట్టారు: ఆమోదించిన స్క్రిప్టు దాటి ఒక్క మాట ఉండకూడదు. తప్పితే రాజేశంతో పాటు మిగతా వాళ్లందరి ఉద్యోగం పోతుంది.

స్క్రిప్టు నేనే రాశాను. దొరికిన సమాచారం కొంచెమే. ఉత్తర స్వీడన్‌లో నది ఒడ్డున ఒక చిన్న పట్నం, కోత మిల్లులో గుమాస్తా తండ్రి, చర్చిలో ఆర్గాన్ వాయించే తల్లి. రాజధానికి పోయి చదువు. ముప్పై ఏళ్లకు పెద్ద వాద్యబృందం కోసం ఒక రచన. దాని మొదటి ప్రదర్శనలో సగం మంది లేచిపోయారు, ఉన్నవాళ్లు ఎగతాళిగా ఈలలు వేశారు. ఆ తర్వాత చాలా కాలం బడిలో పాఠాలు చెప్పుకుంటూ చిన్న చిన్న రచనలే చేశాడు. నాలుగు తంత్రీవాద్యాలకు ఒకటి, తల్లి వాయించిన చర్చి కోసం ఒక బృందగానం. ముసలితనంలో ఆ పాత రచననే అదే హాల్లో మళ్లీ వాయించారు. ఈసారి జనం నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయన మాత్రం రైలు తప్పిపోతుందని ముందే వెళ్లిపోయాడట.

నాలుగు తంత్రీవాద్యాల రచనను ఇంట్లో ఫోన్‌లో పెట్టుకొని విన్నాను. నా భార్య తెలుగు టీచరు. కూరగాయలు తరుగుతూ కాసేపు విని, కత్తి పక్కన పెట్టి వచ్చి కూర్చుంది. ఇది పని చేసుకుంటూ వినేది కాదండీ అంది. చివరిదాకా విన్నాం. ఇద్దరికీ పెద్దగా అర్థం కాలేదు, కానీ ఎవరమూ ఆపమనలేదు. ఆమె పోయి ఇప్పటికి రెండో ఏడు నడుస్తోంది. ఈ మధ్య ఆ రచన మళ్లీ విన్నాను. ఇప్పుడు కూడా పెద్దగా అర్థం కాలేదు. వినడం మానలేదు.

రిహార్సల్ కోరుట్లలో, ఒక బీడీల కార్ఖానా వెనక రేకుల షెడ్డులో పెట్టాం. పక్కనే ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకొని బీడీలు చుడుతున్నారు. నేను రాజేశానికి ఎస్కిల్ సంగీతం గురించి చెప్పాను. వాళ్లకూ మనలాగే పన్నెండు స్వరస్థానాలు. మామూలు పాటలో ఒక స్వరం ఇల్లులాంటిది, పాట ఎంత తిరిగినా అక్కడికే చేరుతుంది. ఎస్కిల్ తరంలో కొందరు ఆ ఏర్పాటు వద్దనుకున్నారు. పన్నెండూ వినిపించేదాకా ఏ స్వరమూ రెండోసారి రాకూడదని నియమం పెట్టుకున్నారు. ఏ ఒక్కటీ మిగతావాటి కంటే ఎక్కువ కాదు.

రాజేశం శ్రద్ధగా విన్నాడు.

"అంటే పన్నెండు మందిల పెద్దమనిషి ఎవ్వలు లేరన్నట్టా సారూ?"

లేరన్నాను.

"గట్లైతే పంచాయితి ఎట్ల తెగుతది?"

తెగదు, అందుకే జనం లేచిపోయారు అన్నాను. అతనికి అది బాగా నచ్చింది. స్క్రిప్టులో పెట్టమని అడిగాడు, పెట్టాను. ఆ తర్వాత శత్రువు ఎవరని అడిగాడు. ఎవరూ లేరన్నాను. ఎవరితోనూ కొట్లాడకుండా, ఎక్కడికీ పోకుండా, కుర్చీలో కూర్చుని రాసిన మనిషి కథ గంట సేపు ఎట్లా నిలబడుతుందని అతని బాధ. మరునాటికి ఈలలు వేసినవాళ్లకు ఒక నాయకుణ్ని తయారు చేసుకొచ్చాడు. ఈలల దొర అని పేరు, గుర్రం కూడా ఇచ్చాడు. నేను కొట్టేశాను. అతిథి తండ్రి గురించి ఆధారం లేని మాట ఒక్కటీ పోవద్దని గట్టిగా చెప్పాను. గుర్రాన్నన్నా ఉంచమన్నాడు. అది కూడా తీసేశాను.

బీడీలు చుట్టే లసుమవ్వ చెయ్యి ఆపకుండానే ఒక తప్పు పట్టింది.

"పెండ్లి లేకుంటనే బిడ్డ ఎట్లచ్చిందే రాజేశం? గదన్న జెప్తవా, గది గూడ సారు కొట్టేసిండా?"

షెడ్డంతా నవ్వింది. నిజమే, నాకు దొరికిన సమాచారంలో పెండ్లి ప్రస్తావన లేదు కనుక నేను రాయలేదు. కంపెనీ వాళ్లకు ఈమెయిల్ పంపి, ఆయన భార్య బడిపంతులమ్మ అని తెలుసుకొని ఒక వాక్యం చేర్చాను. స్క్రిప్టు మూడు కాపీలు తీయించి కలెక్టర్ పేషీకి ఒకటి పంపాను, ఫైలులో ఒకటి పెట్టాను, బృందానికి ఒకటి ఇచ్చాను. ప్రతి పేజీ మీద ఆమోదం సంతకం వచ్చింది.

కార్యక్రమం రోజు నేత పార్కు ఆవరణలో షామియానా వేశారు. మధ్యాహ్నం షిఫ్టులో సాంచెలు, అంటే మరమగ్గాలు, ఆపించారు కనుక కార్మికులు కూడా వచ్చి వెనక నిలబడ్డారు. ఇంగ్రిడ్ ముందు వరుసలో, పక్కన కలెక్టర్ మేడం. ఇంగ్రిడ్‌కు ఇంగ్లీషు వచ్చు. రాజేశం చెప్పేది ఇంగ్లీషులోకి, అవసరమైతే ఆమె మాట తెలుగులోకి మార్చడం నా పని. చేతిలో మైకు పట్టుకొని ఆమె కుర్చీ పక్కన నిలబడ్డాను.

రాజేశం గజ్జెలు కట్టి మొదలుపెట్టాడు. ఎస్కిల్‌ను ఎస్కిలయ్య చేశాడు. అది ఉచ్చారణ సంగతి కనుక నేను పట్టించుకోలేదు. మిగతాదంతా స్క్రిప్టు ప్రకారమే నడిచింది. నదిలో దుంగలు కొట్టుకొచ్చే చోట డోళ్లు బాగా పలికాయి. పన్నెండు మంది పంచాయితీ చోట కార్మికులు నవ్వారు. అనువదించి చెబితే ఇంగ్రిడ్ కూడా నవ్వింది. మొదటి ప్రదర్శనలో జనం లేచిపోయిన చోట మాత్రం ఎవరూ నవ్వలేదు. వెనక నుంచి ఒక నేత కార్మికుడు పక్కవాడితో అన్న మాట నా దాకా వినపడింది.

"బట్ట తాను మొత్తం నేసినంక సేటు అద్దన్నట్టే గదరా."

ఆ మాట కూడా ఆమెకు చెప్పాను. ఆమె వెనక్కి తిరిగి అతని వైపు చూసి తల ఊపింది.

కథ చివరికి వచ్చింది. ముసలాయన రైలెక్కి ఇంటికి పోయాడు, కొన్నాళ్లకు కన్నుమూశాడు. స్క్రిప్టులో ఇక మిగిలింది అతిథులకు కృతజ్ఞతలు, మంగళం. రాజేశం మంగళం ఎత్తుకోలేదు. డోళ్లను చేత్తో ఆపి, నాలుగడుగులు ముందుకు వచ్చి ఇంగ్రిడ్ ఎదురుగా నిలబడ్డాడు.

"తల్లీ, మీ నాయినకు ఏమంటె ఇష్టముండె?"

మా వైపు కొన్ని ఇండ్లలో మనిషి పోయాక దినాలనాడు కథ చెప్పించుకుంటారు. ఆ కథ ముగిసే ముందు చెప్పేవాడు ఇంటివాళ్లను ఈ మాట అడుగుతాడు. కల్లు ఇష్టమని ఒకరు, చేపల పులుసు అని ఒకరు, పేకాట అని ఒకరు చెబుతారు. అవన్నీ పాటలో కలిపి చివర మంగళం పాడతాడు. రాజేశం ఆ ఇండ్లలో చెప్పి పెరిగినవాడు. పోయిన తండ్రి కథ, ఎదురుగా కూతురు. అడగకుండా ముగించడం అతనికి చేతకాలేదు. ఎదిరించాలన్న ఆలోచన అతని ముఖంలో లేదు. కాంట్రాక్టు సంగతి ఆ నిమిషంలో అతనికి గుర్తుందని కూడా నేను అనుకోను.

నాకు గుర్తుంది. కలెక్టర్ మేడం స్క్రిప్టు కాపీ తిరగేసి, తల ఎత్తి నా వైపు చూశారు. ఏదో మర్యాద మాట చెప్పి మంగళం పాడించే వీలు నాకు ఉంది. రాజేశం అడిగింది ఏమిటో ఇంగ్రిడ్‌కు ఎప్పటికీ తెలిసేది కాదు. కానీ ఆమె అప్పటికే నన్ను చూస్తోంది, ఏమన్నాడని. ఉన్నది ఉన్నట్టు అనువదించాను.

ఆమె కొంచెం ఆలోచించింది. ఉప్పు చేప, ఉడకబెట్టిన ఆలుగడ్డ, చిక్కటి కాఫీ అంది. నేను తెలుగులో చెప్పాను, రాజేశం వాటిని పాటలోకి తీసుకున్నాడు. ఇంకా అని అడిగాడు. ఆమె ఈసారి నవ్వడం మొదలుపెట్టి, చెప్పాలా వద్దా అన్నట్టు తన కంపెనీ వాళ్ల వైపు చూసి, చెప్పింది. ఆయన దగ్గర ఒక అకార్డియన్ ఉండేదట. అది మన హార్మోనియంలాంటిదే, ఛాతీకి తగిలించుకొని వాయిస్తారు. శనివారం సాయంత్రం వంటింటి కిటికీలన్నీ మూసి, పల్లెటూరి డ్యాన్సు పాటలు, తిరిగి తిరిగి ఒకే స్వరం దగ్గరికి చేరేవి, వాయించేవాడట. ఎవరైనా తలుపు కొడితే దాన్ని చీపుర్ల అలమారలోకి తోసేవాడట. శిష్యులు వింటే పరువు పోతుందని భయం.

నేను చెప్పడం పూర్తికాకముందే వెనక కార్మికులు నవ్వులు మొదలుపెట్టారు. రాజేశం వాళ్లను ఆగనిచ్చి, సహకథకుడి వైపు తిరిగాడు.

"సూసినవానే? వారమంత పన్నెండు మందిని సమానంగ సూసినోడు, శనివారం నాడు తలుపులేసుకోని ఒక్కణ్ని పెద్దమనిషిని జేసిండట."

దీన్ని అనువదించడానికి నాకు కొంత సమయం పట్టింది. ఇంగ్రిడ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వింది. ఆ పాట ఎట్లుంటదని రాజేశం అడిగితే కూనిరాగం తీసి చూపించింది. మూడు దెబ్బల నడక. డోలు వాయించే గంగారాం మొదట తొందరపడ్డాడు. ఆమె కుర్చీ చెయ్యి మీద కొట్టి చూపిస్తే సర్దుకున్నాడు. రాజేశం ఆ వరస మీదే మంగళం పాడాడు. సిరిసిల్ల కార్మికులు మూడు దెబ్బలకు చప్పట్లు అందుకున్నారు.

అతిథులు వెళ్లాక మేడం నన్ను పక్కకు పిలిచారు. ఆ ప్రశ్న స్క్రిప్టులో ఉందా అని అడిగారు. లేదన్నాను. మరి ఎందుకు అనువదించారన్నారు. అతిథిని అందరి ముందు ఒక ప్రశ్న అడిగాక దాన్ని మధ్యలో మింగేయడం అంతకంటే పెద్ద ప్రోటోకాల్ తప్పవుతుందనిపించింది, మేడం అన్నాను. అంతకు ముందే, కారెక్కేటప్పుడు ఇంగ్రిడ్ నాతో ఒక సంగతి చెప్పింది. తండ్రి మీద జరిగిన సభలకు చాలా వాటికి వెళ్లిందట. మాట్లాడేవాళ్లకు ఆయన గురించి అన్నీ తెలిసి ఉండేవట, అందుకని తనను ఎవరూ ఏమీ అడగలేదట. ఆ ఈలల సంగతి దాచకుండా ఉన్నదున్నట్టు చెప్పినందుకు కూడా సంతోషించింది. గుర్రం గురించి నేను ఆమెకు చెప్పలేదు.

వారం తర్వాత ఫైలు తిరిగి వచ్చింది. బృందాన్ని కొనసాగించారు. మొక్కల ఫిర్యాదు మీద రాజేశానికి హెచ్చరిక అట్లాగే ఉంచారు. కింద పచ్చసిరాతో ఒక వాక్యం ఉంది: ఇకపై స్క్రిప్టులో ప్రేక్షకులతో మాట్లాడే చోటు ముందే సూచించాలి. సంగతి చెబితే రాజేశం హెచ్చరికను పట్టించుకోలేదు. ఆ చోటు ఎంత పెద్దగా ఉంటుందని అడిగాడు.

అప్పటిదాకా మంచి స్క్రిప్టు అంటే ఖాళీ లేనిది అని నా అభిప్రాయం. ఆధారం లేని మాట పోకూడదన్న నియమం తర్వాత కూడా మార్చుకోలేదు. దానికి ఒకటి చేర్చుకున్నాను. వినేవాళ్ల దగ్గర ఉన్న సమాచారం మన కాగితంలో ఉండదు, అడిగితేనే వస్తుంది. పదవీ విరమణ దాకా నేను ఆమోదించిన ప్రతి కథలో ముగింపుకు ముందు 'ఇక్కడ అడగాలి' అని రాసి కింద కొంత జాగా వదిలేవాణ్ని. కరోనా ఆంక్షలు తగ్గాక వచ్చిన వానాకాలంలో పెగడపల్లిలో దోమల మీద కథ చెప్పినప్పుడు రాజేశం ఆ చోట ఆగి, మీ వాడల సంగతేందని జనాన్ని అడిగాడు. ఒక ముసలామె లేచి, మా వాడ సంగతి తర్వాత, మీ స్టేజి వెనక మురుగు మోరీ పూడిక తీసి ఎన్నాళ్లయిందో చూడమంది. సభలో ఉన్న అధికారులందరం లేచి వెళ్లి చూశాం. మరునాడు మనుషులను పెట్టి తీయించారు.