సాటో సాబ్ గిన్నెలు

మొన్న దోహాలో, వెస్ట్ బే గాజుమేడల కింద ఉన్న ఒక జపాన్ హోటలుకు చూడ్డానికొచ్చిన నన్ను కొడుకూ కోడలూ తీసుకెళ్ళారు. గిన్నె ముందు పెట్టగానే కోడి ఎముకల చారు ఆవిరి నా కళ్ళద్దాలను కమ్మేసింది. తుడుచుకోకుండా అలాగే కూర్చున్నాను. ఆ మసకలో సాటో సాబ్ కనిపించాడు.

డెబ్బైల్లో, చమురు డబ్బుతో ఈ దేశమంతా తవ్వి కడుతున్న రోజుల్లో, ఒక జపాన్ కంపెనీ సైటులో నేను కూలీని. అక్కడి ఇంజనీర్ల కోసం సాటో, ఆయన భార్య రేకుల షెడ్డులో నూడుల్స్ హోటలు నడిపేవారు. వాళ్ళ నీళ్ళ డ్రమ్ములు నింపడం నా డ్యూటీ. ఒక మధ్యాహ్నం ఆయన నన్ను తినమని లోపలికి పిలిచాడు. నేను గడప దగ్గరే నిలబడి నా సత్తు గ్లాసు చాచాను. మా ఊరి హోటల్లో మా వాడవాళ్ళకు గ్లాసులు వేరే. అవి చూరులో ఉండేవి. మేమే తీసుకుని, బయట కూర్చుని తాగి, మేమే కడిగి పెట్టాలి. ఆ అలవాటు సముద్రం దాటినా నన్ను వదల్లేదు. సాటో గ్లాసు పక్కన పెట్టి, బల్ల ముందు పీట చూపించి, అందరికీ పెట్టే తెల్ల గిన్నెలోనే పోశాడు. చప్పుడు కాకుండా తినబోతే చెవి దగ్గర చెయ్యి పెట్టి, "ఆవాజ్! ఆవాజ్ నై?" అని వచ్చీరాని హిందీలో గదమాయించాడు. చప్పుడు చేస్తూ జుర్రితేనే వాళ్ళకు మర్యాదట.

వాళ్ళ పుల్లలతో తినడం చేతకాక చివరికి చెయ్యి పెట్టాను. కడుపు నిండాక, మిగిలిన చారులోనే నీళ్ళు పోసుకుని చెయ్యి కడిగాను. మన ఇళ్ళల్లో తిన్న కంచంలో కడుక్కోవడమేగా! సాటో భార్య ముఖం వాడిపోయింది. తెల్లారక ముందు నుంచీ కాచిన చారు అది. చివరి చుక్క దాకా తాగితేనే వండినవాళ్ళకు గౌరవం. నాకేం తెలుసు?

పక్క బల్ల దగ్గర కూలీల హాజరు రాసే మా టైమ్ కీపర్ ఉన్నాడు. మా తాలూకావాడే, నాది ఏ వాడో తెలిసినవాడు. దీనికోసమే కాచుకున్నట్టు లేచాడు.

"తూ! నిన్ను లోపటికి రానిచ్చుడే తప్పురా. సాబ్, వీని గిన్నె అలగ్ పెట్టు. వీడు తిన్న దాంట్ల మేమెట్ల తింటం?"

తన ఇంట్లో తానూ కంచంలోనే కడుగుతాడు. గిన్నె విడిపోయిందంటే నా చోటు మళ్ళీ గడప బయటే.

అలగ్, అంటే వేరు, అన్న ముక్క సాటోకు అర్థమైంది. అతన్ని చూశాడు, నన్ను చూశాడు. నా గిన్నెను తన చేత్తో తోమాడు. కడిగిన గిన్నెలు ఇరవై దాకా బల్ల మీద పరిచి, దాన్ని వాటిలో కలిపి, పేకముక్కల్లా అటూ ఇటూ జరిపాడు. అప్పుడు టైమ్ కీపర్ వైపు తిరిగి మెల్లగా, "కౌన్సా?" అన్నాడు.

ఏది? అంతే అడిగాడు. అతను గిన్నెల్ని ఒక్కొక్కటే చూశాడు. "ఆకలే సచ్చింది," అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. సాటో ఒక గిన్నె తీసి మళ్ళీ చారు పోసి, రెండు చేతులతో ఎత్తి తాగడం చూపించాడు. అడుగు కనిపించే దాకా తాగాను.

బడి మొహం చూడనివాణ్ణి. తర్వాత క్యాంపులో పాత పేపర్లు ముందేసుకుని అక్షరాలు కూడబలుక్కున్నాను. కులం మీద లావు లావు పుస్తకాలు చదివాను. ఆ ఒక్క ప్రశ్నంత గట్టి వాక్యం నాకింకా దొరకలేదు.

మొన్న హోటలు నుంచి కొడుకు ఫ్లాటుకు వచ్చాం. సింకు కింద పనిమనిషికని ఒక కప్పు విడిగా ఉంటుంది. మేం తాగే సెట్టులోదే; గుర్తుకు అంచు మీద ఎర్ర గోళ్ళరంగు చుక్క. నా కొడుకు ఇంట్లో! వచ్చిన రోజు నుంచీ చూస్తూ ఊరుకున్నందుకు నా మీద నాకే మండింది. చుక్కను గోటితో గీకి, కప్పు కడిగి, అల్మారాలో మిగతావాటితో కలిపేశాను.

టీ పెట్టబోయిన కోడలు సింకు కింద వెతికింది, అల్మారాలో వెతికింది.

"మామయ్యా, ఆమె కప్పు ఏది?"

"నువ్వే చెప్పు బిడ్డా," అన్నాను.