సూత్రం రాయని గోళం

రెండేళ్ల కిందట ఏప్రిల్లో, బాపట్లలో పదో తరగతి లెక్కల పేపర్లు దిద్దుతున్న హాల్లో, శేషగిరి మాస్టారు తాను వేసిన ఒక మార్కును అడ్డంగా కొట్టేసి పక్కన నాలుగు వేశారు. ఎర్ర పెన్నుకు మూత పెట్టి, "చాలామ్మా?" అన్నారు. అడిగింది చీఫ్ ఎగ్జామినర్‌నైన నన్ను కాదు. వెనక టేబుల్లో కూర్చున్న రేపల్లె కరుణ టీచర్ని.

పేపర్లన్నీ ఒకచోట చేర్చి దిద్దించడాన్ని మేం స్పాట్ అంటాం. మన పిల్లల పేపర్లు మనకు రావు, వేరే జిల్లావి వస్తాయి. టేబుల్లో దిద్దేవాళ్లు ఎగ్జామినర్లు. వాళ్లు దిద్దినవాటిని మళ్లీ చూసి సంతకం పెట్టడం చీఫ్ పని. ఏ దశకి ఎంత ఇవ్వాలో కీలో ఉంటుంది. వాటినే స్టెప్ మార్కులంటాం.

ఆ రోజు లెక్క ఇది: ఆరు సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న లోహపు గోళాన్ని కరిగించి, రెండు సెంటీమీటర్ల వ్యాసార్థంతో చిన్న గోళాలు చేస్తే ఎన్ని వస్తాయి? చాలామంది మూడు అని రాస్తారు, ఆరులో రెండు మూడుసార్లు పోతుంది కదా అని. సరైన జవాబు ఇరవై ఏడు. గోళం ఘనపరిమాణం నాలుగు బై మూడు పై ఆర్ క్యూబ్ అని సూత్రం రాయాలి, రెండింటికీ విలువలు వెయ్యాలి, కొట్టివేతలు చెయ్యాలి, భాగించాలి. మొత్తం నాలుగు మార్కులు.

ఆ పేపర్లో సూత్రమే లేదు. "ఎన్నో వంతు? మూడో వంతు. పొడవులో మూడు, వెడల్పులో మూడు, ఎత్తులో మూడు. ఇరవై ఏడు గోళాలు." అంతే.

ఈ "ఎన్నో వంతు?" కరుణ టీచర్ది. రేపల్లెలో ఆవిడ పిల్లల చేత నల్లమట్టి ఉండలు చేయించి, విరిపించి, చిన్నవి చేయించి లెక్కపెట్టిస్తుంది. దాన్ని ఫోన్లో వీడియో తీసి పెడితే ఊళ్లు తిరిగింది. అంతకుముందు శేషగిరి మాస్టారి వరండాలో చెప్పులు పెట్టడానికి చోటుండేది కాదు. పిట్టలవానిపాలెం నుంచి కూడా పొద్దున్నే మొదటి బస్సుకి పిల్లలు ట్యూషన్‌కి వచ్చేవాళ్లు. ఇప్పుడా వరండాలో ఆయన స్కూటర్ ఉంటుంది.

నాకూ ఆవిడంటే కుళ్లే. ఒక దినపత్రిక విద్యార్థుల పేజీకి ఏళ్ల తరబడి లెక్కలు రాశాను. ఒకసారి డెస్కు నుంచి ఫోనొచ్చింది. "ఈసారి గోళం పాఠం రేపల్లె మేడంగారితో రాయిద్దామండి. పిల్లలు ఆవిడనే అడుగుతున్నారు." "అలాగేనండి" అన్నాను. ఆ వారం ఇంటికొచ్చిన పేపరు మడత విప్పలేదు. అంగలకుదురు సెంటర్లో టీ కొట్టు దగ్గర మాత్రం ఆవిడ పాఠం రెండుసార్లు చదివాను. తప్పు దొరకలేదు. అది ఇంకా బాధ.

శేషగిరి మాస్టారు ఆ జవాబుకి ఒకే మార్కు వేశారు. నేను ఆపాను.

"ఏంటి మాస్టారూ, జవాబు కరెక్టే కదా?"

"జవాబుకే వేశానయ్యా ఒకటి. సూత్రం ఏది? ఇది లెక్కా, పొడుపుకథా? ఆవిడ పిల్లలు ఇంతే, మట్టి పిసుక్కుంటారు."

"ఈ కట్ట మన జిల్లాది కాదండి."

ఆయన కళ్లద్దాలు తీశారు. "అయితే మరీ ఘోరం. అంత దూరం పాకిందా ఈ మట్టి!"

మాటలు పెరిగాయి. ఎవరో ముక్కూమొహం తెలియని బిడ్డకి పోయేవి మూడు మార్కులు. పాసుకి ఆ మూడూ అవసరమో కాదో అప్పటికి మాకు తెలియదు. ఆ ఒకటే ఉంచెయ్యమని నాలో కూడా ఏదో గొణిగింది.

కరుణ టీచర్ ఇటు తిరిగింది. "ఏంటండి మాస్టారూ, నా పేరు వినపడుతోంది?"

ఆయన పేపరు చూపించారు. "చూడమ్మా, నీ శిష్యులు సూత్రాలు మానేశారు."

ఆవిడ చివరిదాకా చదివింది. "సూత్రం లేదండి. నేనైతే మూడే వేస్తాను. ముందు ఉండలు చెయ్యండి, తర్వాత సూత్రం రాయండి అనే చెప్తానండి మా పిల్లలకి. వీళ్లు సగం వీడియోకే ఆపేసినట్టున్నారు."

మాస్టారి మొహం ఎర్రబడింది. ఒకటి వేసిన మనిషి, ఆవిడ మూడంటే ఒప్పుకుంటాడా? "నువ్వు చెప్తే నేను మూడు వెయ్యాలా? ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ని. మూడు కొలతల్లోనూ మూడో వంతని రాశాక ఇంకా ఏం కావాలమ్మా? సూత్రంలో ఉన్నదీ అదే!" అని ఒకటి కొట్టేశారు. నాలుగు వేశారు.

"నాకెందుకండి, మీ టేబులు మీ ఇష్టం" అని ఆవిడ అటు తిరిగింది.

పేపరు నా ముందుకొచ్చింది. సరైన పద్ధతి ఏదైనా మార్కులివ్వాలని కీలో ఉంది. సూత్రం రాయకపోతే ఎంత తగ్గించాలో లేదు. నాలుగు పక్కన సంతకం పెట్టాను.

అసూయ చేతిలో ఎర్ర పెన్ను ఉంటే మార్కులు కోస్తుందనే అనుకునేవాణ్ని. వేస్తుందని కూడా ఆ రోజు చూశాను. అందుకే ఇప్పుడు నాకు తెలిసినవాళ్ల పద్ధతి పేపర్లో కనిపిస్తే, ఎక్కువ వేసేముందు కూడా ఒక నిమిషం ఆగుతాను.

ఇలాంటి జవాబుకి మూడా, నాలుగా తేల్చమని అప్పుడే పైకి రాసి పంపాను. ఈ ఏప్రిల్లో ఇచ్చిన కీలోనూ దాని గురించి ఒక్క మాట లేదు.