నాన్నగారి ఆకుపచ్చ గళ్లు

గుండె డాక్టరు రోజూ నడవమన్నాడు. కూతురు అడుగులు లెక్కపెట్టే గడియారం కొనిచ్చింది. ఇద్దరి ఆజ్ఞలనూ టైలరు శిరసావహించాడు, కాళ్లను మాత్రం కుట్టుమిషను దగ్గరే ఉంచి. గడియారాన్ని తీసుకెళ్లి మిషను పెడలుకు కట్టేశాడు. బట్ట కుట్టినంతసేపూ అది పైకీ కిందికీ ఊగుతూ అడుగులు పోగేసేది. యజమాని స్టూలు మీద కూర్చునే ఊళ్లు చుట్టి వచ్చేవాడు. ఆదివారం కొట్టు మూత కనుక, ఆ ఒక్కరోజూ మర్యాద కోసం చేతికి పెట్టుకునేవాడు.

అంతా సజావుగా సాగిపోయేదే, కూతురికి కాలేజీలో ప్రాజెక్టు ఇవ్వకపోతే. ఏదో ఒక సమాచారం వెతికి, తరచి చూసి, బొమ్మగా గీయాలట. వానలు, జనాభా, క్రికెట్టు పరుగులు క్లాసులో అప్పటికే తలా ఒకటి పంచేసుకున్నారు. దాంతో ఆ పిల్ల కన్ను గడియారం నుంచి తన ఫోనులోకి చేరి ఊరికే పడి ఉన్న నాన్న అడుగుల మీద పడింది.

సాయంత్రం ల్యాప్‌టాప్‌తో కొట్టుకే వచ్చింది. కత్తిరించిన ముక్కలు పక్కకు నెట్టి, బల్ల మీద తెరిచింది. రోజుకో గడి, ఎంత నడిస్తే అంత ముదురు ఆకుపచ్చ. తెర నిండా పచ్చటి పొలం.

"చూడు నాన్నా! బళ్లు తెరిచే ముందు ఎంత నడిచావో! యూనిఫాంలతో ఊపిరాడని రోజుల్లో కూడా! రేపు క్లాసులో చెప్తా, మా నాన్నని చూసి నేర్చుకోండిరా అని."

టైలరు పెడలు మీంచి కాలు తీసేశాడు. ఇన్నాళ్లూ తాను మోసం చేస్తున్నది డాక్టరునే అనుకున్నాడు; అదేమంత పాపమనిపించలేదు. ఇప్పుడు కన్నకూతురు నలుగురిలో నిలబడి, అదీ గర్వంగా, అబద్ధం చెప్పబోతోంది.

"ఆదివారాలేంటి నాన్నా, ఇలా వెలిసిపోయాయి? గడియారం పాడైందా?"

"లేదమ్మా..." నీళ్లు నమిలాడు. "అవే నిజం."

"మరి మిగతావి?"

"మిషను నడిచిందమ్మా. పెడలుకు కట్టాను."

ఆమె పెడలు వైపు చూసింది, ఆయన వైపు చూసింది. ల్యాప్‌టాప్ ముందుకు లాక్కుంది. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు. ఒక్కో పచ్చ గడినీ తుడిచేస్తుంటే తల వంచుకుని, కుట్టాల్సిన చొక్కాకు లేని దారప్పోగులు ఏరుతూ కూర్చున్నాడు. చివరికి తెల్లటి తెర మీద ఆదివారాలు కూరగాయలకు వెళ్లొచ్చిన నడక మాత్రం మిగిలింది.

"దీనికేం పేరు పెట్టను?"

"నా పేరు మాత్రం పెట్టకు తల్లీ."

"పెట్టన్లే. రేపు క్లాసుకొచ్చి ఇదంతా నువ్వే చెప్పు."

చేసిన నేరానికి శిక్ష తక్కువేనని ఒప్పుకుని, "సరే, ఏ బస్సెక్కాలి?" అని అడిగాడు.

"బస్సా?" అంది కూతురు.