గంగాళం మీది పేరు

రెండు గదుల ఇంట్లోకి మారబోతూ సామాను పంచిపెడుతున్నాను. నిన్న ఇత్తడి చెంబును చింతపండుతో తోముతుంటే ఆ పుల్లటి వాసనకి ఎనభైల నాటి మా అమ్మమ్మ ఊరు పెదకాకాని గుర్తొచ్చింది.

అప్పుడు మిరపకాయలు ఆరబోసే వాకిలితో సహా ఇల్లు అమ్మేసి, అమ్మమ్మ బ్రాడీపేటలో చిన్న వాటాలోకి మారుతోంది. నీళ్లు నిలవచేసే గంగాళం పక్కింటి మస్తానమ్మకి ఇస్తానంది. దాని అంచున అమ్మమ్మ పేరు చెక్కి ఉంది. ఆ పేరు చూసి ఎవరైనా మస్తానమ్మని దొంగనుకుంటారని చిన్నపిల్లనైన నాకు భయమేసింది. మేకు పుచ్చుకుని గీకేయడం మొదలుపెట్టాను.

అమ్మమ్మ చూసింది. తిడుతుందనుకున్నాను. మెల్లగా మేకు లాక్కుంది.

"ఉండనీవే. నీళ్లు ముంచుకున్నప్పుడల్లా మస్తానమ్మకి నా పేరు కనబడుతుంది. నేను ఈ వీధిలోనే ఉన్నట్టుంటుంది."

మొదటి అక్షరం అప్పటికే చెరిగిపోయింది. గంగాళం తీసుకెళ్లడానికి వచ్చిన మస్తానమ్మ ఆ చెరిగిన చోట వేలు పెట్టి తడిమింది.

"పోతే పోయిందిలే పిన్నీ. అక్కడేముండేదో నాకు తెలుసుగా," అంది.

ఎదురింటి అమ్మాయికి ఇద్దామని ఇవాళ కుక్కర్ తీశాను. దాని మీద కంపెనీ పేరే ఉంది, నా పేరు లేదు. ఇచ్చేముందు, ఇల్లంతా మేకు కోసం వెతికాను.